మెత్తని రన్నింగ్ షూ కొంటున్నారా? బొటనవేలితో కాదు, కాటాతోనూ లెక్కతోనూ చూడాలి

తెలంగాణ పోలీస్ కానిస్టేబుల్ పోస్టులకు 2022లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. కేంద్ర బలగాల కోసం ఎస్‌ఎస్‌సీ నిర్వహించే జీడీ కానిస్టేబుల్ ఎంపికలో అబ్బాయిలకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, అమ్మాయిలకు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. 7 నిమిషాల 17 సెకన్లకు గీత దాటినవాడికీ, 9 నిమిషాలకు దాటినవాడికీ ఫలితం ఒక్కటే. రాత పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా ఆ రెండు సెకన్లు ఎవరూ తిరిగి ఇవ్వరు.

అందుకే నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినిపించగానే చాలామంది ఫజర్ నమాజు అయిన వెంటనే గ్రౌండ్ బాట పడతారు. గ్రౌండ్ దూరమైతే బస్తీలోని సీసీ రోడ్డు మీదే మొదలుపెడతారు. మొదటి వారం కాన్వాస్ పీటీ షూతో గడుస్తుంది. రెండో వారం మోకాలి కింద, ముందువైపు ఎముక లాగడం మొదలవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు: "మెత్తటి షూ కొనుక్కో, తేలిగ్గా ఉండేది."

సలహా తప్పేమీ కాదు. రోజువారీ ప్రాక్టీసుకు తేలికైన, మెత్తని కుషన్ ఉన్న షూ నిజంగానే పనికొస్తుంది. కాకపోతే అది మెత్తగా ఉందా లేదా అన్నది షాపులో తెలిసే తీరు వేరు, రోడ్డు మీద తెలిసే తీరు వేరు. ఈ తేడా తెలియకపోతే మూడు వేలు పెట్టినా, పన్నెండు వేలు పెట్టినా డబ్బు ఒకేలా పోతుంది.

నొక్కి చూస్తే తెలిసేది ఎంత?

షాపులో సేల్స్ కుర్రాడు షూ లోపల చెయ్యి పెట్టించి "దబాకే దేఖో భాయ్, మఖ్ఖన్ హై" అంటాడు. వేలు లోపలికి దిగుతుంది. కొనేవాడికి నమ్మకం కలుగుతుంది. నిజానికి అతను నొక్కింది ఇన్‌సోల్‌ని. అంటే పాదం కింద పరిచే పల్చటి మెత్త. బయటికి లాగితే వచ్చేస్తుంది. చాలా చౌక షూలలో "మెమరీ ఫోమ్" అని రాసి అమ్మేది దీన్నే. నిలబడితే, నడిస్తే హాయిగా ఉంటుంది. పరుగులో ఒక్కో అడుగుకు నేల నుంచి వచ్చే ఒత్తిడి శరీరం బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల మనిషి అయితే 120 నుంచి 180 కిలోలు. నాలుగైదు మిల్లీమీటర్ల ఇన్‌సోల్ ఆ బరువు కింద మొదటి అడుగులోనే పూర్తిగా అణిగిపోతుంది.

అసలు పని చేసేది దాని కింద ఉండే మిడ్‌సోల్. బయటి నుంచి తెల్లగానో రంగుల్లోనో మందంగా కనిపించేది అదే. దానికి కింద నేలను తాకే రబ్బరు పొర అవుట్‌సోల్. షూ ఖరీదులో పెద్ద తేడా తెచ్చేది మిడ్‌సోల్‌లోని ఫోమే. కాబట్టి ఇన్‌సోల్‌ని బయటికి తీసి పక్కన పెట్టి, మిడ్‌సోల్‌ని మడమ దగ్గర పక్క నుంచి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు దిగడం ఒక్కటే కాదు, వేలు తీయగానే వెంటనే పైకి లేవాలి. దిగి అక్కడే ఉండిపోయే ఫోమ్ సోఫాకు బాగుంటుంది, పరుగుకు కాదు.

ఈ ఫోమ్ సంగతి కాస్త తెలుసుకుంటే ధరల పట్టిక కూడా అర్థమవుతుంది. 1970ల నుంచి రన్నింగ్ షూలలో ఎక్కువగా వాడుతున్నది ఈవీఏ అనే పదార్థం. ప్లాస్టిక్ లాంటి ఆ పదార్థంలో లక్షల కొద్దీ చిన్న గాలి గదులు ఉంటాయి. మెత్తదనం, తేలికదనం రెండూ ఆ గాలి వల్లనే. కిలోమీటర్లు పెరిగే కొద్దీ ఆ గదులు నలిగి, గోడలు చిట్లి, ఫోమ్ గట్టిపడుతుంది. 2013లో అడిడాస్ 'బూస్ట్' పేరుతో టీపీయూ గుళికలను అతికించిన ఫోమ్ తెచ్చింది. బాగా ఎగురుతుంది, ఎక్కువ కాలం ఆగుతుంది, కానీ బరువు. 2017లో నైకీ 'వేపర్‌ఫ్లై' షూతో పెబా అనే ఇంకో రకం ఫోమ్ రేసుల్లోకి వచ్చింది. చాలా తేలిక, చాలా మెత్తన, చాలా ఖరీదు. ఇప్పుడు చాలా కంపెనీలు అధిక ఒత్తిడిలో నైట్రోజన్ వంటి వాయువును ఎక్కించి ఫోమ్‌ను ఉబ్బిస్తున్నాయి. ప్యూమా 'నైట్రో' అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ పద్ధతి వల్ల మధ్యతరగతి ధరల్లోనూ తేలికైన మెత్తని షూలు దొరకడం మొదలైంది. డబ్బాపై ఏ పేరు రాసి ఉన్నా కొనేవాడు అడగాల్సింది ఒక్కటే: ఇది మామూలు ఈవీఏనా, ఇంకేదైనానా? జవాబు చెప్పలేని షాపులో ఆ పేరుకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

100 గ్రాములకు ఎన్ని సెకన్లు?

బరువు విషయంలో ఊహలు అక్కర్లేదు, లెక్క ఉంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక తమాషా ప్రయోగం చేశారు. ఒకేలా కనిపించే షూలలో కొన్నింటికి చిన్న చిన్న సీసపు గుళికలు దాచి పెట్టారు. పరుగెత్తేవారికి చెప్పలేదు. 3000 మీటర్లు పరుగెత్తించి చూస్తే ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగినప్పుడల్లా సమయం సగటున 0.78 శాతం పెరిగింది. శరీరం ఖర్చు చేసే శక్తి ఒక శాతానికి కొంచెం పైగా పెరిగింది.

దీన్ని కానిస్టేబుల్ పరుగుకు వర్తింపజేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. 7 నిమిషాల 15 సెకన్లు అంటే 435 సెకన్లు. అందులో 0.78 శాతం సుమారు 3.4 సెకన్లు. ఫ్యాషన్ కోసం చేసిన స్పోర్ట్స్ షూ ఒక్కోటి 350 గ్రాములు ఉందనుకుంటే, 250 గ్రాముల రన్నింగ్ షూకి మారినందుకు వచ్చే లాభం ఇంచుమించు అంతే. గీత దగ్గర ఊగిసలాడే అభ్యర్థికి మూడు సెకన్లు పెద్ద మాటే. ఎనిమిది నిమిషాల దగ్గర ఉన్నవాడికి మాత్రం షూ తెచ్చేది ఏమీ లేదు. అతనికి కావాల్సింది ఇంకో రెండు నెలల ప్రాక్టీసు.

అదే లెక్క ఇంకో విషయం కూడా చెబుతుంది. 255 గ్రాముల షూకీ 265 గ్రాముల షూకీ తేడా 0.3 సెకను. ఆ పది గ్రాముల కోసం రెండు వేలు ఎక్కువ పెట్టడం దండగ.

కంపెనీలు చెప్పే బరువు సాధారణంగా ఒక మధ్యస్థ సైజుకు, తరచూ యూకే 8కి. సైజు పెరిగితే బరువూ పెరుగుతుంది. అందుకే మన సైజు షూనే తూచి చూడాలి. పెద్ద షోరూముల్లో కాటా ఉండదు కానీ, కొన్న రోజే పక్కన కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద ఒక షూ పెట్టించుకుంటే సరిపోతుంది. పెట్టెలో చెప్పిన బరువుకూ దీనికీ 50, 60 గ్రాముల తేడా వస్తే అది అసలు సరుకో కాదో ఆలోచించాల్సిందే. ఫస్ట్ కాపీలు బయటికి అచ్చు గుద్దినట్టే ఉంటాయి. లోపలి ఫోమ్‌ను మాత్రం ఎవరూ కాపీ కొట్టడం లేదు.

తేలికదనం ఊరికే రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కంపెనీ బరువు ఎక్కడో ఒకచోట కోస్తుంది. ఎక్కువగా కోసేది కింది రబ్బరు. షూ తిరగేసి చూస్తే కొన్నింటిలో మడమ బయటి అంచున, ముందు భాగంలో మాత్రమే రబ్బరు ముక్కలు ఉంటాయి. మిగతా చోట ఫోమే నేలకు తగులుతుంది. ట్రెడ్‌మిల్ మీద, పార్కు ట్రాక్ మీద పరుగెత్తేవారికి పరవాలేదు. గరుకు సీసీ రోడ్డు ఆ ఫోమ్‌ను సాన పట్టినట్టు అరగదీస్తుంది. వానాకాలంలో తడి సిమెంటు మీద జారుతుంది కూడా. బస్తీ రోడ్ల మీద ప్రాక్టీసు చేసేవారు ఒక 20 గ్రాములు బరువు ఎక్కువైనా సరే, కింద రబ్బరు నిండుగా ఉన్నదాన్నే తీసుకోవడం మేలు.

మెత్తదనం అందరికీ ఒకటేనా?

కాదు. ఇదే అసలు సవాలు. మెత్తని షూ గాయాలను ఆపుతుందా అన్నదానిపై ఏళ్ల తరబడి వాదన నడిచింది. లక్సెంబర్గ్ పరిశోధకులు 848 మంది మామూలు రన్నర్లతో ఆరు నెలలు చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. పైకి ఒకేలా ఉండే షూలే ఇచ్చారు. సగం మందికి మెత్తవి, సగం మందికి గట్టివి. ఎవరివి ఏవో వారికి తెలియదు. గట్టి షూ వేసుకున్నవారికి గాయాల ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. చాలామంది ఊహకు అందనిది ఆ తర్వాత విషయం. మెత్తని షూ వల్ల ఎక్కువ మేలు కలిగింది తక్కువ బరువున్నవారికి. బరువైనవారికి ఆ లాభం కనిపించలేదు. "నేను లావుగా ఉన్నాను కాబట్టి బాగా మెత్తటిది కావాలి" అని షాపుకు వెళ్లేవారు ఈ మాట ఆలోచించాలి. 85 కిలోల మనిషి కింద అతి మెత్తని ఫోమ్ పూర్తిగా అణిగిపోయి అడుగంటుతుంది. అతనికి మందం ఉండాలి, కానీ కాస్త నిలబడే ఫోమ్ కావాలి.

రెండో మెలిక వేగం దగ్గర ఉంది. ఫిన్లాండ్ పరిశోధకులు 2018లో 12 మంది మీద చేసిన ప్రయోగంలో మామూలు షూనూ, చాలా మందపాటి మెత్తని షూనూ పోల్చారు. వేగం గంటకు 14.5 కిలోమీటర్లకు పెంచినప్పుడు మందపాటి షూలో నేల దెబ్బ తగ్గకపోగా కొంత పెరిగింది. కింద మెత్తగా ఉందని తెలియగానే శరీరం తనంతట తాను కాలిని బిగబడుతుంది. పరుపు మీద నడిచేటప్పుడు మోకాళ్లు బిగుసుకున్నట్టే. పన్నెండు మంది చిన్న సంఖ్య, అదే ఆఖరి మాట కాదు. కానీ 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయడమంటే గంటకు 13.2 కిలోమీటర్ల వేగం. రోజువారీ నెమ్మది పరుగు 9, 10 దాటదు. అంటే మెత్తని షూ ఎక్కువగా అక్కరకొచ్చేది ఆ నెమ్మది కిలోమీటర్లకే. వేగంగా పరుగెత్తే రోజుకు కాస్త పల్చటి, గట్టి షూ ఉన్నా నష్టం లేదు. పాత జత పూర్తిగా పాడవకపోతే దాన్నే ఆ పనికి వాడుకోవచ్చు. రెండు వేర్వేరు జతలు మార్చి మార్చి వాడినవారికి గాయాల ముప్పు 39 శాతం తక్కువగా ఉందని అదే లక్సెంబర్గ్ బృందం 2015లో 264 మందిని 22 వారాలు గమనించి చెప్పింది. రోజూ ఒకే చోట ఒకే ఒత్తిడి పడకపోవడమే కారణమని వారి అంచనా.

మూడోది స్థిరత్వం. మెత్తగా, ఎత్తుగా ఉన్న షూ చీలమండను అటూ ఇటూ ఊపుతుంది. షాపులోనే చూసుకోవచ్చు. షూ వేసుకుని, లేసు బిగించి, ఒంటికాలి మీద అర నిమిషం నిలబడాలి. పాదం లోపలికి గానీ బయటికి గానీ పడిపోతున్నట్టుంటే ఆ జత వద్దు. తర్వాత గచ్చు మీద పది అడుగులు పరుగెత్తాలి. కార్పెట్ మీద కాదు. మడమ చుట్టూ ఉండే గట్టి భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే పూర్తిగా మూసుకుపోకూడదు. షూను వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. మధ్యలో మడతపెట్టినట్టు వంగితే పక్కన పెట్టేయడమే.

పేరు అదే, నంబరు మారితే షూ మారుతుంది

ఈ కోవలో ప్రపంచమంతా ఎక్కువగా వినిపించే పేర్లలో హోకా 'క్లిఫ్టన్' ఒకటి. 2009లో ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ కంపెనీ, షూలన్నీ పల్చబడుతున్న కాలంలో లావుపాటి సోల్‌తో వచ్చి నవ్వులపాలైంది. 2014లో వచ్చిన మొదటి క్లిఫ్టన్ మందంగా ఉంటూనే తేలిగ్గా ఉండటంతో ఆ నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. మన దగ్గర దీని ధర పది వేలు దాటుతుంది. ఇక్కడ దాని ప్రస్తావన కొనమని కాదు, ఒక విషయం చూపించడానికి. క్లిఫ్టన్ 9 బరువు సుమారు 250 గ్రాములు, మడమకూ ముందు భాగానికీ ఎత్తులో తేడా 5 మిల్లీమీటర్లు. 2025లో వచ్చిన క్లిఫ్టన్ 10 బరువు దాదాపు 278 గ్రాములు, ఎత్తు తేడా 8 మిల్లీమీటర్లు. పేరు ఒక్కటే. షూ మాత్రం వేరు.

ఆ ఎత్తు తేడానే 'డ్రాప్' అంటారు. డ్రాప్ తగ్గితే భారం పిక్కల మీద, మడమ వెనుక నరం మీద ఎక్కువ పడుతుంది. పెరిగితే మోకాలి వైపు జరుగుతుంది. ఏది మంచిదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఇప్పటిదాకా వేసుకున్నదానికి దగ్గరగా ఉండటం ముఖ్యం. పిక్కలు పట్టేసే అలవాటున్నవారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల డ్రాప్ తీసుకుంటే సుఖం. "అన్న వాడిన మోడలే" అని నంబరు చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేవారికి ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కొత్త నంబరు రాగానే పాత నంబరు ధర పడిపోతుంది. పాతది ఎక్కువగా ఏ విషయంలోనూ తక్కువ కాదు. జేబు చిన్నదైతే కొనాల్సింది అదే. కాకపోతే పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం చూసుకోవాలి. గోడౌన్‌లో రెండు మూడేళ్లు పడి ఉన్న జతలో జిగురు ఎండిపోతుంది, ఫోమ్ గట్టిపడుతుంది. ఒక్క కిలోమీటరు పరుగెత్తకుండానే షూ ముసలిదవుతుంది.

కిలోమీటరుకు ఎంత పడుతుంది?

వారానికి ఆరు రోజులు, రోజుకు 5 కిలోమీటర్లు. వారానికి 30. నాలుగు నెలల ప్రాక్టీసు అంటే 17 వారాలు, మొత్తం 510 కిలోమీటర్లు. రన్నింగ్ షూ మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు పని చేస్తుందని అంటారు. తేలికైన మెత్తని వాటికి కింది అంకెనే పట్టుకోవాలి. అంటే ఒక మంచి జత సరిగ్గా ఒక సీజన్ ప్రాక్టీసుకు సరిపోతుంది.

ఇప్పుడు మూడు ధరలు అనుకుందాం. 12,000 రూపాయల షూ 600 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 20 రూపాయలు. 4,000 రూపాయల షూ 500 వస్తే 8 రూపాయలు. ఫుట్‌పాత్ మీద 900కి కొన్న ఫస్ట్ కాపీ 150 కిలోమీటర్లకు అణిగిపోతే 6 రూపాయలు. చూడటానికి కాపీయే చౌక. కానీ 510 కిలోమీటర్లకు అలాంటివి నాలుగు జతలు కావాలి. 3,600 రూపాయలు. నాలుగు వందలు మిగిలాయి. దానికి బదులు ప్రతి జత చివరి రోజుల్లో సగం చచ్చిన ఫోమ్ మీద పరుగు. మోకాలి కింద నొప్పితో రెండు వారాలు మంచం పడితే పోయేది నాలుగు వందలు కాదు.

అలాగని 12,000 పెట్టాలా? అక్కర్లేదు. మూడింతల ధరకు మూడింతల ఆయుష్షు రాదు. రోజుకు ఐదారు కిలోమీటర్లు పరుగెత్తే అభ్యర్థికి మూడు నుంచి ఐదు వేల మధ్య ధరలో మంచి కంపెనీ రోజువారీ షూ చాలు. ఇంకా పైకి వెళ్లేది షౌక్ కోసమే. నెక్లెస్ రోడ్డు మీద మారథాన్‌కు తయారయ్యేవారి లెక్క వేరు. వారానికి 60, 70 కిలోమీటర్లు పరుగెత్తే కాలికి మంచి ఫోమ్ తేడా తెలుస్తుంది.

పన్ను కూడా ఇందులో ఒక మెట్టు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల వరకు ఉన్న పాదరక్షలపై జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. పన్నుకు ముందు 2,400 ఉన్న షూ చేతికి వచ్చేసరికి 2,520. 2,600 ఉన్నది 3,068. అసలు ధరలో తేడా 200, బిల్లులో తేడా 548. ఈ గీతకు కాస్త పైన ఉన్న షూ కొనేముందు డిస్కౌంట్‌తో కిందికి వస్తుందేమో చూసుకోవాలి, ఎందుకంటే పన్ను లెక్క ఎంఆర్‌పీ మీద కాదు, అమ్మిన ధర మీద. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. సోల్ ఊడిపోతే మార్చమని అడగడానికి అదే ఆధారం. 2024 ఆగస్టు నుంచి పాదరక్షలకు నాణ్యతా నిబంధనలు అమల్లోకి వచ్చాయి, స్పోర్ట్స్ షూలకూ ఐఎస్ఐ ప్రమాణాలు ఉన్నాయి. చిన్న తయారీదారులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఆ గుర్తు ఉంటే సరుకు కనీస నాణ్యతకు హామీ దొరికినట్టు. కుషన్ మీ కాలికి పడుతుందా అన్నది అది చెప్పదు.

సైజు దగ్గరే సగం పొరపాట్లు

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ, దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వారి పాదాల కంటే వెడల్పు అని తేలింది. మన షాపుల్లో ఉన్న సైజులేమో యూకేవి. వెడల్పు చాలక చాలామంది ఒక సైజు పెద్దది తీసుకుంటారు. అప్పుడు ముందు వెడల్పు సరిపోతుంది కానీ మడమ వదులవుతుంది, బొబ్బలు వస్తాయి. కొన్ని కంపెనీలు అదే సైజులో 'వైడ్' లేదా '2ఈ' అని వెడల్పాటివి చేస్తాయి. షెల్ఫులో కనపడకపోయినా అడిగితే తెప్పిస్తారు.

షూ సాయంత్రం పూట కొనాలి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. ప్రాక్టీసులో వేసుకునే సాక్సు తీసుకెళ్లాలి. పొడవాటి వేలికి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు పాదాల్లో ఒకటి పెద్దగా ఉంటే సైజు దానికి తీసుకోవాలి.

అమ్మాయిల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తమ్ముడిదో అన్నదో షూ ఉంటే "దాంతోనే పరుగెత్తు" అనడం చాలా ఇళ్లలో మామూలే. మహిళల మోడళ్లు మడమ దగ్గర సన్నగా ఉంటాయి. మగవారి షూలో అమ్మాయి మడమ జారుతుంది, ఆ జారుడును ఆపడానికి వేళ్లు ముడుచుకుంటాయి, నొప్పి అక్కడ మొదలవుతుంది. పైగా 50 కిలోల అమ్మాయి బరువుకు 75 కిలోల మనిషి కోసం తయారైన గట్టి ఫోమ్ అణగనే అణగదు. తక్కువ బరువున్నవారికే మెత్తదనం ఎక్కువ మేలు చేసిందన్న 848 మంది అధ్యయనాన్ని గుర్తు చేసుకుంటే, ఇంట్లో ఒక్కరికే మంచి షూ కొనగలిగినప్పుడు అది అమ్మాయికి కొనడమే లెక్క ప్రకారం సరైనది.

షూ చేయలేని పని

కొత్త షూ వచ్చిన రోజే ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తడం మామూలుగా జరిగే పని. చేయకూడని పని కూడా అదే. మొదటి వారం రెండు మూడు రోజులు, అదీ తక్కువ దూరం వేసుకుని, మిగతా రోజులు పాతదాంతో నడిపించాలి. కాన్వాస్ షూ నుంచి మందపాటి సోల్‌కు మారినప్పుడు చీలమండకూ పిక్కలకూ అలవాటయ్యే సమయం కావాలి.

రంజాన్ తర్వాత వచ్చే నొప్పుల నింద కూడా షూ మీదే పడుతుంది. ఇఫ్తార్‌కు ముందో తరావీహ్ తర్వాతో రెండు కిలోమీటర్లతో నెల గడిపినవారు ఈద్ మర్నాడు పాత దూరానికి ఒక్కసారిగా వెళ్లిపోతారు. ఎముకకూ కండరానికీ ఆ గెంతు పడదు. ఎంత మెత్తని ఫోమ్ అయినా దాన్ని కాపాడలేదు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుకోవాలి.

మోకాలి కింది ఎముక పొడవునా లాగుతుంటే దూరం తగ్గించి చూడొచ్చు. ఒకే ఒక్క చోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది షూ షాపుకు కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి.

తడిసిన షూను డాబా మీద ఎర్రటి ఎండలో పెట్టకూడదు, వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. వేడికి జిగురు వదులుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి. కాలేజీకి, బజారుకు అదే షూ వేసుకెళ్తే దాని కిలోమీటర్లు అక్కడే ఖర్చవుతాయి. మిడ్‌సోల్ పక్కన అడ్డంగా ముడతలు పడి పోకుండా ఉండిపోతే, బల్ల మీద పెట్టినప్పుడు షూ ఒక పక్కకు ఒరిగితే, తగ్గిపోయిన నొప్పి మళ్లీ మొదలైతే దాని పని అయిపోయింది, పైన ఎంత కొత్తగా కనిపించినా సరే.

ఈవెంట్స్ రోజు కోసం కొత్త జత కొనేవారు కనీసం మూడు వారాల ముందే కొని, అందులో 40, 50 కిలోమీటర్లు పూర్తి చేసి ఉండాలి. ఆ రోజు వేగంగా పరుగెత్తిన ప్రాక్టీసుల్లో ఏది వేసుకున్నారో అదే వేసుకోవాలి. లేసుకు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపాలి. 1600 మీటర్ల మధ్యలో లేసు ఊడితే వంగి కట్టుకోవడానికే పది సెకన్లు పోతాయి. తేలికైన షూ మిగిల్చిన మూడు సెకన్లు ఆ పదికి ఎక్కడా చాలవు.